ప్రింటర్ మొరాయిస్తే ముందు జెరాక్స్ తీసి చూడండి, రీసెట్ సంగతి తర్వాత

ప్రింటర్ ఆగిపోయిందని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: "జెరాక్స్ వస్తోందా?" అప్పటికే చాలామంది డ్రైవర్ (కంప్యూటర్‌ని ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేసి ఉంటారు, రూటర్ ఆపి ఆన్ చేసి ఉంటారు, ఏదో వీడియో చూసి రెండు బటన్లు కలిపి నొక్కి కూడా ఉంటారు. జెరాక్స్ మాత్రం తీసి చూసి ఉండరు.

మీ ప్రింటర్‌కి స్కానర్ ఉంటే గాజు మీద ఏదో ఒక కాగితం పెట్టి కాపీ బటన్ నొక్కండి. ఈ పనికి కంప్యూటర్ అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు, డ్రైవర్ అక్కర్లేదు. కాపీ శుభ్రంగా వచ్చిందంటే ప్రింటర్ బాగానే ఉన్నట్టు. తప్పు కంప్యూటర్‌లోనో, ఆ రెండింటి మధ్య కనెక్షన్‌లోనో ఉంది. కాపీ కూడా రాకపోయినా, గీతలతోనో వెలిసిపోయినట్టో వచ్చినా కంప్యూటర్ జోలికి వెళ్లకండి. సాయంత్రందాకా సెట్టింగులు మార్చినా అక్కడ ఏమీ దొరకదు.

స్కానర్ లేని ప్రింటర్లలో చాలావాటికి ఏదో ఒక బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే టెస్ట్ పేజీ వస్తుంది. ఏ బటన్ అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, ప్రింటర్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అసలు బటనే లేని చిన్న లేజర్ ప్రింటర్లు కూడా ఉన్నాయి. వాటిని యూఎస్‌బీ వైరుతో ఇంకో ల్యాప్‌టాప్‌కి తగిలించి చూడడమే మార్గం.

ఇక రీసెట్. ఇందులో చిన్నదీ ఉంది, పెద్దదీ ఉంది. కరెంటు తీసి పెట్టడం ఒకటి, కంప్యూటర్‌లో ఇరుక్కున్న ప్రింట్లు తుడిచేయడం ఒకటి, వైఫై వివరాలు మాత్రం చెరిపేయడం ఒకటి, ప్రింటర్ని కొన్న రోజు స్థితికి తెచ్చే ఫ్యాక్టరీ రీసెట్ ఒకటి. చిన్నదానితో మొదలుపెట్టండి. టెన్షన్‌లో ఉన్నవాళ్లు నేరుగా చివరిదానికి పోతారు. దాంతో ఉన్న సమస్య అలాగే ఉంటుంది, పైగా వైఫై మొదటినుంచీ కలుపుకోవాల్సి వస్తుంది.

కరెంటు తీసి పెట్టడం

బటన్‌తో ఆపి మళ్లీ ఆన్ చేయడం వేరు, ఇది వేరు. ప్రింటర్ కదలకుండా, లైటు మిణుకుమంటూ బిగుసుకుపోయి ఉంటే, ఆన్‌లో ఉండగానే వెనక కరెంటు వైరు పీకండి. గోడ దగ్గర ప్లగ్ కూడా తీసి ఒక నిమిషం ఆగండి. లోపల మిగిలిన చార్జ్ పోవడానికే ఆ నిమిషం. తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆన్ చేయండి. చెన్నైలో ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు మెయింటెనెన్స్‌కి కరెంటు తీసిన రోజు సాయంత్రం నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి ఇది చాలు.

లేజర్ ప్రింటర్ని యూపీఎస్‌కి తగిలించకండి. టోనర్ పొడిని కాగితానికి కరిగించి అతికించే ఫ్యూజర్ 200 డిగ్రీల సెల్సియస్‌కి దగ్గరగా వేడెక్కుతుంది. అది వేడెక్కే ప్రతిసారీ ఒక్కసారిగా లాగే కరెంటు చిన్న యూపీఎస్‌కి తట్టుకునేది కాదు. కంప్యూటర్ కూడా దాంతోపాటే ఆరిపోతుంది.

కాపీ వస్తోంది, ప్రింట్ మాత్రం రావడం లేదు

అంటే ప్రింటర్ తప్పు కాదు. ముందు చిన్న విషయం చూడండి: మీరు పంపిన ప్రింట్ అసలు ఆ ప్రింటర్‌కే వెళ్తోందా? విండోస్‌లో "డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకుంటుంది" అన్న సెట్టింగ్ ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే మీరు చివరిసారి వాడిన ప్రింటర్నే డిఫాల్ట్‌గా పెట్టేస్తుంది. నిన్న పీడీఎఫ్‌గా సేవ్ చేశారు కాబట్టి ఈరోజు ప్రింట్ కూడా పీడీఎఫ్‌కే పోతుంది. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్లి దాన్ని ఆపేసి, మీ ప్రింటర్ని మీరే డిఫాల్ట్‌గా పెట్టుకోండి. ఒకే ప్రింటర్ పేరు రెండుసార్లు కనిపిస్తూ, ఒకదాని చివర "కాపీ 1" అని ఉంటే పాతది తీసేయండి.

ప్రింట్లు వరుసలో పేరుకుపోయి, "డిలీటింగ్" అని చూపిస్తూ ఎంతకీ పోకపోతే ఇలా చేయండి.

1. ప్రింటర్ ఆపేయండి. యూఎస్‌బీ వైరు ఉంటే తీసేయండి.
2. స్టార్ట్ మెనూలో "సర్వీసెస్" అని టైప్ చేసి తెరవండి. ఆ పొడుగాటి జాబితాలో "ప్రింట్ స్పూలర్" మీద రైట్ క్లిక్ చేసి స్టాప్ నొక్కండి.
3. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్. ఆ చివరి ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ డిలీట్ చేయండి. ఫోల్డర్ని మాత్రం ఉంచండి, పక్కనున్న వేరే ఫోల్డర్లను ముట్టుకోకండి.
4. మళ్లీ సర్వీసెస్‌కి వచ్చి స్పూలర్ని స్టార్ట్ చేసి, ప్రింటర్ ఆన్ చేసి, ఒకే ఒక్క పేజీ పంపి చూడండి.

ఆఫీసులో ఒక్కరు పంపిన పాడైన పీడీఎఫ్ వల్ల మిగతావాళ్ల ప్రింట్లన్నీ ఆగిపోవడం మామూలే. అదే ఫైలు మళ్లీ పంపితే మళ్లీ ఆగుతుంది. అలాంటప్పుడు అడోబీ రీడర్‌లో ప్రింట్ నొక్కాక అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి "ప్రింట్ యాజ్ ఇమేజ్" టిక్ చేయండి. అక్షరాల బదులు చిత్రంలా పంపుతుంది, కాస్త ఆలస్యమైనా వస్తుంది. తెలుగు, తమిళ అక్షరాలు డబ్బాల్లా వచ్చే పీడీఎఫ్‌లకు కూడా ఇదే మందు.

మ్యాక్ వాడేవాళ్లకు పని తేలిక. ప్రింటర్స్ అండ్ స్కానర్స్ జాబితాలో కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే "రీసెట్ ప్రింటింగ్ సిస్టమ్" వస్తుంది. అది అన్ని ప్రింటర్లనీ తీసేస్తుంది, తర్వాత మీదాన్ని కలుపుకుంటే చాలు.

వైఫై ప్రింటర్ "ఆఫ్‌లైన్" అని చూపిస్తుంటే కారణం చాలాసార్లు ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని గుర్తించే నంబర్, మారిపోవడమే. రూటర్ ఆగి మళ్లీ లేచినప్పుడు ప్రింటర్‌కి కొత్త నంబర్ ఇస్తుంది. కంప్యూటర్ మాత్రం పాత నంబర్‌కే పంపుతూ కూర్చుంటుంది. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ స్టేటస్ పేజీ ప్రింట్ తీస్తే అందులో ఇప్పటి ఐపీ ఉంటుంది. కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అన్నచోట ఉన్న నంబర్‌తో పోల్చండి. తేడా ఉంటే అక్కడే స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఒకటి కొత్తగా చేసి సరైన నంబర్ ఇవ్వండి. మళ్లీ మారకుండా ఉండాలంటే రూటర్ పేజీలో ఆ ప్రింటర్‌కి ఒకే నంబర్ ఎప్పటికీ ఇచ్చేలా రిజర్వేషన్ పెట్టాలి. పది నిమిషాల పని, చిన్న ఆఫీసుల్లో దీన్ని ఎవరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. ఆ పేజీలో ఐపీ 169.254తో మొదలైతే మాత్రం పోర్ట్ మార్చి లాభం లేదు. రూటర్ నుంచి ప్రింటర్‌కి నంబరే రాలేదని దాని అర్థం.

నంబర్ సరిగ్గానే ఉండి, ప్రింటర్ మేలుకునే ఉండి, అయినా ఆఫ్‌లైన్ అంటుంటే ఆ పోర్ట్ కాన్ఫిగర్ చేసేచోట "ఎస్ఎన్ఎంపీ స్టేటస్" టిక్ తీసేసి చూడండి. ఆ టిక్ ఉన్నంతసేపూ విండోస్ ప్రింటర్ని "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే లేదనేస్తుంది.

ఫోన్ నుంచి రాకపోతే ఫోన్ ఏ వైఫైలో ఉందో చూడండి. గెస్ట్ వైఫైలో ఉంటే ప్రింటర్ కనిపించదు. మొబైల్ డేటా మీద ఉన్నా కనిపించదు.

కాగితం ఇరుక్కుంటోంది

చెన్నైలో దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ఏడాదంతా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో చెప్పనే అక్కర్లేదు. కాగితం ఆ తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టిన కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని రెండు మూడు కలిసి లోపలికి పోతాయి. లేజర్ ప్రింటర్‌లో అయితే ఫ్యూజర్ వేడికి ఆ తేమ ఆవిరై కాగితం చుట్టుకుపోతుంది, ముడతలు పడుతుంది, ప్రింట్ అక్కడక్కడ వెలిసినట్టు వస్తుంది. బయటకు వచ్చే కాగితం నుంచి సన్నగా పొగలాంటిది లేస్తే కంగారు పడకండి, అది ఆవిరే. కానీ కాగితం మార్చమని చెబుతోంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లు ఏ నెలలోనైనా దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి 500 కాగితాల కట్ట విప్పాక మిగిలినదాన్ని అదే కవర్లో చుట్టి, వీలైతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. వానాకాలంలో ట్రేలో రాత్రంతా కాగితాలు వదలకండి. ప్రింటర్లో పెట్టే ముందు కట్టని చేతిలో పట్టుకుని అంచులు ఒకసారి పరపరమని ఆడించండి, గాలి చొరబడి విడివిడిగా అవుతాయి. కాగితాలు ఒకవైపు వంగి ఉంటే కట్టని తిరగేసి పెట్టండి. పక్కనుండే గైడ్లు కాగితానికి తగిలీ తగలనట్టు ఉండాలి, మరీ బిగిస్తే వంకరగా లాగుతుంది.

ఇరుక్కున్న కాగితాన్ని ఎలా తీస్తారన్నది ముఖ్యం. ప్రింటర్ ఆపి, ప్లగ్ తీసి, కాగితం ప్రయాణించే దిశలోనే రెండు చేతులతో మెల్లగా లాగండి. ఎదురు దిశలో గుంజితే పళ్లచక్రాలు దెబ్బతింటాయి, కాగితం చిరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. లేజర్ అయితే వేడి తగ్గేదాకా ఆగండి, ఫ్యూజర్ దగ్గర చెయ్యి కాలుతుంది. తీసిన ముక్కలన్నీ బల్ల మీద పేర్చి పూర్తి కాగితం అయిందో లేదో చూడండి. మూల ఒకటి తగ్గిందంటే అది లోపలే ఉంది.

కాగితం ఏమీ లేకపోయినా "పేపర్ జామ్" అనే అంటుంటే, దారిలో ఉండే చిన్న ప్లాస్టిక్ మీట దగ్గర చూడండి. కాగితం వచ్చినప్పుడు వంగి, పోగానే లేచే మీట అది. గోరంత కాగితం ముక్క దాన్ని నొక్కిపెట్టి ఉంటే ప్రింటర్ దృష్టిలో అక్కడ కాగితం ఉన్నట్టే. వెనకవైపు నుంచి కాగితం పెట్టే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో ఆ నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పిల్లల పెన్సిల్ ముక్క, స్టేపుల్ పిన్ను, పెన్ను మూత, ఆఖరికి బల్లి కూడా అందులో పడతాయి. ఫోన్ టార్చి వేసి చూడండి. వాడనప్పుడు దానిమీద ఒక గుడ్డ కప్పండి.

కాగితం అసలు లోపలికే పోకుండా "కాగితం లేదు" అంటే రబ్బరు రోలర్ మీద కాగితపు దుమ్ము పేరుకుని నున్నబడింది. నూలు రాలని గుడ్డని నీళ్లతో తడిపి, గట్టిగా పిండి, రోలర్ని తిప్పుతూ తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, రబ్బరు పాడవుతుంది.

ఇంక్ ప్రింటర్‌లో రంగులు రావడం లేదు

ఇక్కడ మన ఇళ్లలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. కరెంటు ఆదా అని గోడ దగ్గర స్విచ్ ఆపేస్తాం. టీవీకి పర్వాలేదు కానీ ఇంక్ ప్రింటర్‌కి అది మంచిది కాదు. ప్రింటర్ మీదున్న బటన్‌తో ఆపినప్పుడు ఇంక్ చిమ్మే హెడ్ ఒక మూలకి వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, సూక్ష్మమైన రంధ్రాల్లో ఇంక్ ఎండదు. పని మధ్యలో గోడ స్విచ్ ఆపితే హెడ్ ఎక్కడుంటే అక్కడే నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ముందు బటన్‌తో ఆపండి, లైటు పూర్తిగా ఆరాక కావాలంటే స్విచ్ ఆపుకోండి. సంక్రాంతికి నెల్లూరో ఒంగోలో వెళ్లి పది రోజుల తర్వాత తిరిగొస్తే ఎర్రరంగు రావట్లేదనే ఇళ్లలో ఎక్కువగా ఇదే కథ.

రంగు రాకపోతే ముందు నాజిల్ చెక్ (హెడ్ రంధ్రాలన్నిటి నుంచీ ఇంక్ వస్తోందో లేదో చూపే పేజీ) ప్రింట్ తీయండి. సన్నని గీతల్లో తెగిన చోట్లు ఉంటే ఒకసారి హెడ్ క్లీనింగ్ పెట్టి మళ్లీ నాజిల్ చెక్ చేయండి. మూడుసార్లు చేసినా మారకపోతే ఆపేయండి. ఎప్సన్ ఎల్3110 లాంటి ప్రింటర్లకు అప్పుడు కనీసం 12 గంటలు ప్రింట్ చేయకుండా వదిలేయమంటారు. ఎండిన ఇంక్ నాని, గొట్టంలోని బుడగలు సర్దుకుని, మర్నాడు పొద్దున దానంతటదే వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆగలేక వరసగా క్లీనింగ్ నొక్కితే ట్యాంక్‌లో ఇంక్ కరిగిపోతుంది, అదంతా కింద ఉండే వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి పోతుంది. ఆ ప్యాడ్ సంగతి కింద చెబుతాను.

అప్పటికీ రాకపోతే పవర్ క్లీనింగ్ ఉంది. గొట్టాల్లోని ఇంక్ మొత్తం మార్చేస్తుంది కాబట్టి ప్రతి ట్యాంక్‌లో కనీసం మూడో వంతు ఇంక్ ఉండాలి. లేకపోతే గాలి లాగి ఇంకా పాడవుతుంది. మామూలు రోజుల్లో కూడా ట్యాంక్‌లో ఇంక్ కింది గీత దాటి దిగనివ్వకండి. ఇంక్ నంబర్ చూసి కొనండి. మన దేశంలో ఎల్3110, ఎల్3210, ఎల్3250 ప్రింటర్లకు 003 ఇంక్. వారానికోసారి అన్ని రంగులూ ఉన్న ఒక పేజీ తీస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

లేజర్‌లో గీతలు, మచ్చలు

పేజీ అంతా పలచగా వస్తే కార్ట్రిడ్జ్ తీసి ఐదారుసార్లు అటూ ఇటూ మెల్లగా ఊపి పెట్టండి, ఇంకొన్ని పేజీలు వస్తాయి. నిలువుగా నల్లగీత వస్తే డ్రమ్ (టోనర్‌ని కాగితం మీదకి చేర్చే గొట్టం) మీద గీత పడి ఉండొచ్చు, లేదా దాన్ని తుడిచే బ్లేడు అరిగి ఉండొచ్చు. ఒకే మచ్చ సమానమైన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే ఏదో ఒక రోలర్ మీదో డ్రమ్ మీదో మచ్చ ఉంది, అది తిరిగిన ప్రతిసారీ ముద్ర వేస్తోంది. అక్షరాలు వేలితో రుద్దితే రాలిపోతే ఫ్యూజర్ సరిగ్గా వేడెక్కడం లేదు. మొదటి మూడింటికి కార్ట్రిడ్జ్ మార్చి చూడొచ్చు. ఫ్యూజర్ మాత్రం మెకానిక్ పని. కార్ట్రిడ్జ్ బయటపెట్టినప్పుడు వెలుతురులో వదలకండి, వెలుతురు తగిలితే డ్రమ్ పాడవుతుంది. టోనర్ ఒంటి మీద పడితే చన్నీళ్లతో కడగండి. వేడినీళ్లు పోస్తే అది అంటుకుపోతుంది.

కాపీలో మాత్రమే గీత వస్తూ, అదీ పైన ఫీడర్ నుంచి లాగినప్పుడే వచ్చి, గాజు మీద పెడితే రాకపోతే ప్రింటర్‌ని విప్పకండి. పెద్ద గాజు పక్కన సన్నని గాజు పట్టీ ఒకటి ఉంటుంది. దానిమీద వైట్‌నర్ చుక్కో జిగురో అంటి ఉంటుంది, తుడిస్తే సరి.

వైఫై రీసెట్, ఫ్యాక్టరీ రీసెట్

ఇల్లు మారినప్పుడు, ఇంటర్నెట్ కంపెనీ మార్చినప్పుడు నెట్‌వర్క్ రీసెట్ అవసరం. హెచ్‌పీ ఇళ్ల ప్రింటర్లలో చాలావాటికి వైర్‌లెస్, క్యాన్సిల్ బటన్లు కలిపి కొన్ని సెకన్లు నొక్కితే వైఫై వివరాలు పోతాయి. స్క్రీన్ ఉన్న ప్రింటర్లలో సెట్టింగ్స్‌లో "రిస్టోర్ నెట్‌వర్క్" అని ఉంటుంది. మళ్లీ కలిపేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటి: ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 వాటికి కనపడదు. రెండూ ఒకే పేరుతో ఉండి కలవకపోతే కలిపేంతసేపు రూటర్‌లో 5ని ఆపండి. ఇంకో ఉపాయం: కొత్త రూటర్‌కి పాతదాని పేరూ పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెడితే సాధారణంగా ప్రింటర్‌కి ఏ రీసెట్టూ అక్కర్లేదు, దానంతటదే కలుస్తుంది.

ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం సమస్యకి మందు అయ్యేది తక్కువ. ఇరుక్కున్న కాగితం, ఎండిన ఇంక్, అరిగిన రోలర్ దానితో బాగుపడవు. ప్రింటర్ని అమ్మేటప్పుడు, అద్దె ప్రింటర్ తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం తప్పక చేయండి. మీ వైఫై పాస్‌వర్డ్, స్కాన్ పంపే ఈమెయిల్ వివరాలు అందులో ఉంటాయి. ఆఫీసు పెద్ద మెషీన్లలో కొన్నిటికి హార్డ్ డిస్క్ కూడా ఉంటుంది, జెరాక్స్ తీసిన ఆధార్ కార్డులు, శాలరీ స్లిప్పులు అందులో మిగిలిపోవచ్చు. దాన్ని విడిగా చెరిపించుకోవాలి.

ఇంక్ ప్యాడ్ నిండిందని వస్తే

హెడ్ శుభ్రం చేసిన ఇంక్ అంతా పీల్చుకోవడానికి అడుగున ఒక ప్యాడ్ ఉంటుంది. ప్రింటర్ దాని లెక్క చూసుకుంటూ, నిండిందనుకోగానే పని ఆపేస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే రీసెట్ ప్రోగ్రాంలు ఆ లెక్కని సున్నా చేస్తాయి కానీ ప్యాడ్‌ని ఆరబెట్టవు. తర్వాత ఇంక్ పొంగి బల్ల మీదకి కారుతుంది. పైగా ఆ ప్రోగ్రాంలలో వైరస్ ఉండే ప్రమాదం ఎక్కువ. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండని రాసి ఉంటే అక్కడే వెనక్కి వచ్చేయండి. ప్యాడ్ మార్పించి, ఆ తర్వాతే లెక్క సున్నా చేయించుకోండి.

చేతిలో లేని పని

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతికి మొదట కనిపించినదానికి ఫోన్ చేయకండి. ప్రింటర్ కంపెనీ పేరుతో నకిలీ హెల్ప్‌లైన్లు చాలా ఉన్నాయి. వాళ్లు కంప్యూటర్‌ని తమ చేతికి ఇచ్చే యాప్ వేయమంటారు, తర్వాత డబ్బు అడుగుతారు. నంబర్ ప్రింటర్ డబ్బా మీదో, పుస్తకంలోనో, కంపెనీ సొంత సైట్‌లోనో చూడండి. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. వారంటీ అయిపోతే చెన్నైలో అందరూ వెళ్లేది మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌కే. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి కాబట్టి ఇంకో రోజు చూసుకోండి. తమిళం రాకపోయినా "పేపర్ జామ్, అన్నా", "బ్లాక్ లైన్ వస్తోంది" అంటే చాలు. తప్పుగా వచ్చిన రెండు మూడు ప్రింట్లు, ఒక నాజిల్ చెక్ పేజీ వెంట తీసుకెళ్లండి, వందసార్లు చెప్పినదానికంటే అవి చూపిస్తే పని త్వరగా అవుతుంది. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ని ఆటోలో ఒడిలో పెట్టుకున్నా పక్కకి వంచకండి. మూతలు గట్టిగా బిగించండి, రవాణా లాక్ ఉన్న పాత మోడల్ అయితే లాక్ వేయండి. విప్పే ముందే ఖర్చు ఎంతో అడగండి. మార్చిన పాత విడిభాగం తిరిగి ఇవ్వమనండి, రసీదు మీద ప్రింటర్ సీరియల్ నంబర్ రాయించుకోండి.